నీలం గొట్టంలో మిగులు

పొద్దున తొమ్మిదిన్నరకి చెవి మిషన్ల దుకాణం తలుపు తీశాక ఊదుడక్క చేసే మొదటి పని బల్ల మీద తెల్లగుడ్డ పరచడం. దాని మీద వరసగా మెత్తటి బ్రష్షు, గులిమి తీసే సన్నటి తీగ, గోరువెచ్చని నీళ్ల గిన్నె, చివర్న అరచేతిలో ఇమిడే రబ్బరు గాలిబుడ్డి. ఆ గాలిబుడ్డి వల్లే ఆమెకి ఆ పేరు వచ్చింది. వయసు నలభై మూడు. ఎనభై ఏళ్ల వాళ్లు కూడా ఆమెని అక్కా అనే పిలుస్తారు. మొదట్లో విసుక్కునేది, తర్వాత పలకడం అలవాటైపోయింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. చెవి వెనక కూర్చునే మిషన్ నుంచి చెవి లోపలికి దూరే మోల్డు దాకా సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. కుడిదానికి ఎర్ర చుక్క, ఎడమదానికి నీలం చుక్క. మోల్డునీ గొట్టాన్నీ మిషన్ నుంచి విడదీసి, కడిగి, తుడిచి, గాలిబుడ్డి మూతి ఆనించి ఒక్క నొక్కు నొక్కితే లోపలి తడి బయటపడుతుంది. తడితోపాటు మిగులు కూడా పడుతుంది. అంటే ముందురోజు చెవి గుమ్మం దాకా వచ్చి, గొట్టంలోనే ఆగిపోయిన మాటో చప్పుడో. రాత్రి ఆరేటప్పుడు అది లోపల పేరుకుంటుంది, పొద్దున ఊదితే ఒక్కసారి గట్టిగా వినిపించి పోతుంది. మళ్లీ కావాలంటే రాదు. మిషన్ వాడేవాళ్లందరికీ ఇది తెలిసిందే.

ఏ మాట ఆగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మనసు దేన్ని పట్టుకుంటే అదే ఆగుతుందని దుకాణం యజమానురాలు డాక్టరమ్మ అంటుంది. చెమట ఎక్కువ పడితే ఏదైనా ఆగుతుందని ఊదుడక్క అంటుంది. ఈ వాదన వాళ్లిద్దరి మధ్య ఏళ్ల తరబడి నడుస్తోంది.

ఆ దుకాణంలో పొద్దుటి పూట సందడే వేరు. ఒక ముసలావిడ గొట్టం ఊదగానే, "అత్తయ్యా, పొయ్యి మీద పాలు చూడండి!" అని వినిపించింది. ఆవిడ కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"కూర్చోండమ్మా, అవి నిన్నటి పాలు. పొంగాల్సినవి నిన్నే పొంగిపోయాయి," అంది ఊదుడక్క.

ఇంతకీ ఊదుడక్కకి ఈ పనిలో ఒకటే నియమం. ఎవరి మిగులు పడినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయాలి. ఒకసారి ఒక కోడలు పరుగెత్తుకుంటూ వచ్చి, "మా అత్తగారి మిషన్ రేపు మీ దగ్గరికొస్తుంది. ఇందాక వంటింట్లో నేను నోరు జారాను. ఆవిడ చూడకుండా ముందే ఊదేయవూ?" అని బతిమాలింది. ఊదుడక్క కరగలేదు. "మిగులు చెవిది తల్లీ, నోటిది కాదు. మింగలేని మాట అనకుండా ఉండాల్సింది," అని పంపేసింది. అప్పట్నించీ కొత్తగా మిషన్ పెట్టించుకున్న వాళ్లకి చెప్పే జాగ్రత్తల చివర్లో ఆ మాట కూడా చేర్చి చెప్పడం మొదలుపెట్టింది.

ఇక ప్రెస్సాయన సంగతి.

ప్రెస్సాయన బుధవారం మనిషి. పాతికేళ్లు అచ్చు మిషన్ల మోత పక్కన నిలబడి పనిచేశాడు కాబట్టి నలభై ఆరేళ్లకే చెవులు మందగించాయి. పెళ్లి చేసుకోలేదు. "ఎంతమంది అడిగారో, ఆ మోతలో వీడికి వినిపిస్తేగా," అని వాళ్లక్క అంటుందట. ఏడాది కిందట మిషన్లు పెట్టించుకున్న రోజున, ఊదుడక్క చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక గళ్ల నోటుపుస్తకంలో నంబర్లు వేసి రాసుకున్నాడు. స్నానానికి ముందు తీసేయాలి. తలనూనె తగలనివ్వకూడదు. పడుకునేటప్పుడు బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. ఊదేటప్పుడు రెండూ ఒకేసారి తీయకూడదు, ఒకటి చెవికి ఉండగానే రెండోది ఊదాలి. ముందు కుడి, తర్వాత ఎడమ. పొద్దున ఆరున్నరకి ఊదితే మంచిదని ఆమె మాటవరసకి అంటే అదీ రాసుకున్నాడు, పక్కన గడియారం బొమ్మ వేసి మరీ.

అంత పద్ధతిగా చూసుకునే మనిషి ప్రతి బుధవారం సాయంత్రం మిషన్లు శుభ్రం చేయించుకోవడానికి ఎందుకొస్తాడు? గొట్టాలు పొద్దునే ఊదుకుని వస్తాడు. ఆమె మళ్లీ ఊదితే ఒక్క తడిబొట్టు పడదు, ఒక్క మాట పడదు. అయినా వస్తాడు. కుర్చీలో అరగంట కూర్చుంటాడు. ఆమె ఏదో ఒక జాగ్రత్త చెబుతుంది, తలూపుతాడు, వెళ్తాడు.

"వచ్చాడు నీ బుధవారం," అనేది డాక్టరమ్మ పరీక్షల గదిలోంచి తొంగి చూసి.

"నా బుధవారం ఏంటండీ, దుకాణం బుధవారం."

"మరి ఇంకో రోజు రాడేం?"

ఊదుడక్క తల వంచుకుని గిన్నె తుడిచేది. కానీ బుధవారం పూట ఆమె తల రెండుసార్లు దువ్వుకుని వస్తుందన్న సంగతి డాక్టరమ్మ కళ్లు దాటిపోలేదు. ఊదుడక్కకి పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. తర్వాత్తర్వాత అసలు మాట రావడమే మానేసింది. ఆమె కూడా ఎదురుచూడటం మానేశాననే అనుకుంది, ఈ నోటుపుస్తకం మనిషి వచ్చే దాకా.

ఇలా ఉండగా, నాలుగు గంటల బస్సు దూరంలో డాక్టరమ్మ రెండో దుకాణం తెరుస్తూ, దాన్ని చూసుకోవడానికి ఊదుడక్కని వెళ్లమంది. పైన గాలొచ్చే గది, బల్ల పక్కన పెద్ద కిటికీ. ఇక్కడ ఉండిపొమ్మని చెప్పేవాళ్లు ఎవరున్నారు? వారం రోజులు ఆలోచించి సరేనంది. సోమవారం పొద్దున ప్రయాణం. ఆఖరి బుధవారం ప్రెస్సాయనకి ఆ సంగతి చెప్పింది. చెప్పి, గుండె చిక్కబట్టుకుని అతని మొహంలోకి చూసింది.

ప్రెస్సాయన నోటుపుస్తకం తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చివరికి, "అక్కడ కూడా బుధవారం తెరుస్తారా అండీ?" అన్నాడు.

"తెరుస్తాం," అంది ఊదుడక్క.

అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆమె గిన్నెలో నీళ్లు పారబోసిన తీరుకి డాక్టరమ్మ గదిలోంచి బయటికి రాలేదు.

శనివారం మధ్యాహ్నం మాత్రం ఎప్పుడూ లేనిది ప్రెస్సాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక రేకు డబ్బా. అందులో ఇరవై నాలుగు బిళ్ల బ్యాటరీలు, బఠానీలు ఒలిచి పెట్టినంత శుభ్రంగా.

"మా అక్క సీళ్లన్నీ పీకేసిందండీ!" అన్నాడు వీధంతా వినపడేలా. చెవులు పనిచేయనప్పుడు గొంతు అదుపులో ఉండదు కదా.

ఊదుడక్కకి నవ్వాగలేదు. ఈ బ్యాటరీల వెనక చిన్న కాగితపు సీలు ఉంటుంది. సీలు ఉన్నంత కాలం అవి నిద్రపోతుంటాయి. సీలు తీస్తే గాలి తగిలి మేలుకుంటాయి. ఒకసారి మేలుకున్నాయా, వాడినా వాడకపోయినా రెండు మూడు వారాల్లో అయిపోతాయి. ఇల్లు అద్దంలా ఉంచే ఆ అక్కగారు, తమ్ముడికి పనికి సిద్ధంగా ఉంటాయని మూడు వారాల కిందట ఒక పూట కూర్చుని అన్నీ పీకి, డబ్బాలో సర్ది పెట్టిందట. ఇవాళ పొద్దున మిషన్లలోవి ఆగిపోయాయి. డబ్బాలో చూస్తే ఒక్కటీ బతికి లేదు.

ఆమె కొత్త అట్టలోంచి రెండు బ్యాటరీలు తీసి, సీళ్లు ఊడదీసి, తెల్లగుడ్డ మీద పెట్టింది. సీలు తీసిన వెంటనే వేయకూడదు, అయిదు నిమిషాలు గాలి పీల్చుకోనివ్వాలి. అయిదు వేళ్లు చూపించింది. ప్రెస్సాయన తలూపి కూర్చున్నాడు. ఆగిపోయిన మిషన్లు చెవులకే ఉన్నాయి. ఆమె అతని ఎడమపక్క స్టూలు మీద కూర్చుంది.

అయిదు నిమిషాలు. ఎదురుగా మనిషి ఉన్నాడు, వినపడదు. ఇంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదని ఊదుడక్కకి అనిపించింది. పెదాలు చదువుతాడేమోనని మొహం పక్కకి తిప్పుకుని, బ్యాటరీలతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"బెల్లం కొట్టిన రాయిలా ఎంత బుద్ధిగా కూర్చుంటారండీ మీరు. ఏడాది నుంచీ ఇదే వరస. ఎల్లుండి పొద్దున నా బస్సు. ఒక్కసారి ఉండిపొమ్మని అంటే ఉండిపోతాను. డాక్టరమ్మ తిట్టినా ఉండిపోతాను. మీరనరు. అనరని తెలిసి కూడా బుధవారం వస్తే తల రెండుసార్లు దువ్వుకుంటున్నాను, సిగ్గులేనిదాన్ని."

గుండెల మీద కుంపటి దించినట్టయింది. ఇటు తిరిగేసరికి అతను ఆమెనే చూస్తున్నాడు.

"ఏమన్నా అన్నారా?" అని అరిచాడు.

ఏమీ లేదని తల అడ్డంగా ఊపి, మిషన్లు తీసుకుని బ్యాటరీలు వేసి ఇచ్చింది. "వినపడుతోందా?"

"వినపడుతోందండీ." గొంతు మళ్లీ మామూలుగా తగ్గిపోయింది. "సోమవారం బస్సు ఎన్నింటికి?"

"ఏడింటికి."

అతను నోటుపుస్తకం తీసి అది రాసుకున్నాడు. రాసుకుని వెళ్లిపోయాడు. ఊదుడక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సాయంత్రం దుకాణం కట్టేసే ముందు, ఒక రిటైరైన హెడ్మాస్టరు మరమ్మతుకి ఇచ్చి వెళ్లిన మిషన్ చేతికి తీసుకుంది. అది చచ్చిపోయి నాలుగు రోజులైంది. పెద్దాయన అలవాటుకొద్దీ దాన్నే చెవికి తగిలించుకుని తిరిగి, ఇవాళే తెచ్చిచ్చాడు. గొట్టం విడదీసి ఊదింది. "రేపు శనివారం. రేపైనా ఆ చెవి బాగుచేయించుకు రాకపోతే ఇంటికి రావద్దు!" అని హెడ్మాస్టరుగారి భార్య గొంతు ఖంగుమని పలికింది.

ఊదుడక్క చేతిలో గాలిబుడ్డి అలాగే ఉండిపోయింది. మిషన్ చచ్చి నాలుగు రోజులు. మాటేమో నిన్నటిది.

గొట్టానికి బ్యాటరీతో పనేముంది? అది ఒట్టి గొట్టం! పంతొమ్మిదేళ్లుగా లోకానికి జాగ్రత్తలు చెబుతున్న మనిషికి ఆ ముక్క ఇప్పుడు తట్టింది.

"ఏంటలా కొయ్యబారిపోయావు?" అంది డాక్టరమ్మ తాళాలు తీసుకుంటూ.

"మన ఎండాకాలం చెమటకి ఏదైనా ఆగుతుంది కదండీ?" అంది ఊదుడక్క నీరసంగా.

"మనసు పట్టుకున్నదే ఆగుతుందని నీకెన్నిసార్లు చెప్పాలి?"

ఏ లెక్కన చూసినా క్షేమం కాదు. రేపు పొద్దున ఆరున్నరకి ఆ పద్ధతిగల మనిషి బల్ల ముందు కూర్చుంటాడు, నీలం గొట్టం ఊదుతాడు, ఆమె గొంతు వాళ్లక్క ముందే "సిగ్గులేనిదాన్ని" అని చెప్పుకుంటుంది. ఇప్పుడే వెళ్దామంటే మిషన్లు చెవులకే ఉంటాయి, ఏ వంకతో విప్పించాలి? పొద్దున అయితే ఎలాగూ విప్పుతాడు. రిజిస్టరులో చిరునామా చూసుకుని, సంచిలో కొత్త గొట్టాలు రెండు వేసుకుంది.

ఆదివారం పొద్దున వీధులు ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఊదుడక్క సగం నడిచింది, సగం పరుగెత్తింది. మూడంతస్తుల మెట్లెక్కి తలుపు కొట్టేసరికి ఆరూ ఇరవై ఆరు. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న ఒకావిడ తలుపు తీసింది.

"ప్రెస్సాయన గారిల్లు ఇదేనా అండీ?"

ఆవిడ కళ్లు చిట్లించింది. "ఏదీ, 'తలనూనె తగలనివ్వకండి' అని ఒక్కసారి అను."

"అదేంటండీ?"

"అనమ్మా, చెబుతా."

"తలనూనె తగలనివ్వకండి," అంది ఊదుడక్క ఆయాసపడుతూ.

"అనుకున్నా! గురువారం పిల్లవి నువ్వే! రా, లోపలికి రా!" అని ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

గురువారం ఏమిటో అడిగే తీరిక లేదు. కిటికీ పక్క బల్ల మీద తువ్వాలు పరిచి ఉంది. ప్రెస్సాయన కుడిది ఊదేసి, చెవికి పెట్టేసుకున్నాడు. నీలం చుక్కది విడదీసి చేతిలో పట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"ఆగండి!" అని అరిచింది ఊదుడక్క. "ఆ గొట్టం గట్టిపడింది. నిన్న చూశాను, చెప్పడం మర్చిపోయాను. మార్చాలి."

ప్రెస్సాయన ఆశ్చర్యపోతూ లేచి నిలబడి, ఆమె ఎలా చెబితే అలా మోల్డు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పాత గొట్టం లాగేసింది, కొత్తది దూర్చింది, కొలత చూసి కత్తిరించింది. పాతది సంచిలో పడింది, సంచి మూతి బిగుసుకుంది. పంతొమ్మిదేళ్లలో ఇంత వేగంగా ఎప్పుడూ చేయలేదు. గండం గడిచింది. కానీ గండం గడిచినప్పుడు ఉండాల్సిన సంతోషం రాలేదు. సంచిలో ఉన్నది తన మాటే అయినా, ఎవరిదో ఎత్తుకొచ్చినట్టు అనిపించింది.

"అదేంటి, ఊదకుండానే లోపల వేసుకున్నావు? అందులో వీడి మిగులుంటుందిగా," అంది అక్కగారు టీ గ్లాసు అందిస్తూ.

"ఒట్టి తడేనండీ."

"ఒట్టి తడా? ఇంట్లో ఏడాది నుంచి వింటున్నదాన్ని, నాకు చెబుతావా! వారమంతా వీడి గొట్టాల్లోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా పడదు. గురువారం పొద్దున మాత్రం ఠంచనుగా నీ గొంతు పడుతుంది. నేను పొయ్యి దగ్గర నిలబడి వింటాను. నీ జాగ్రత్తలు వినీ వినీ నేను కూడా తలనూనె మానేశాను."

ప్రెస్సాయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అక్కా," అన్నాడు.

"ఏంట్రా అక్క! చూపించు ఆ పుస్తకం." అతను కదలకపోయేసరికి ఆవిడే గళ్ల నోటుపుస్తకం తీసి వెనకవైపు నుంచి తెరిచింది.

అక్కడ గురువారాల తారీకులు వరసగా ఉన్నాయి. ఒక్కో తారీకు పక్కన ఒక్కో వాక్యం. *బ్యాటరీ తలుపు మర్చిపోకండి. వానొచ్చేలా ఉంది, చెవులు కప్పుకోండి. ఈల వేస్తోందంటే మోల్డు సరిగా కూర్చోలేదన్నమాట. ఇవాళ ఆలస్యమైందే.* ఒకచోట కేవలం, *అమ్మయ్య, వచ్చారా.* ఊదుడక్క వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. తను అన్నట్టు తనకే గుర్తులేని మాటలు. అన్నిటికంటే కింద మొన్నటి గురువారం ఉంది. దాని పక్కన ఒకటే మాట: *తెరుస్తాం.*

ఆమెకి డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఇన్నేళ్ల వాదనలో తను ఓడిపోయిందని తెలిసింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని మాత్రం తెలియదు.

"నిన్న ఆ అయిదు నిమిషాల్లో మీరేదో అన్నారు," అన్నాడు ప్రెస్సాయన మెల్లగా. "పక్కకి తిరిగారు కానీ మీ చెంప కదలడం కనపడింది. పొద్దున వినొచ్చులే అని, రాత్రి డబ్బాలో జాగ్రత్తగా పెట్టుకున్నాను."

"ఏం లేదండీ. ఊరికే ఏదో..."

"మిగులు చెవిది, నోటిది కాదు." అతను పుస్తకం ముందువైపు తిప్పి చూపించాడు. "పదిహేడో నంబరు. మీరే చెప్పారు."

ఆ కోడలు ఎక్కడుందో గానీ, ఈ పూట ఆమె ఉసురు తగిలినట్టే ఉంది. ఊదుడక్క సంచి మూతి విప్పింది. నీలం చుక్క గొట్టాన్ని, బల్ల మీది గాలిబుడ్డినీ అతని చేతిలో పెట్టి, దుకాణంలో ఎవరి మిగులు పడేటప్పుడైనా చేసే మర్యాద ప్రకారం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

అతను నొక్కాడు.

బెల్లం కొట్టిన రాయి దగ్గర మొదలై, ఎల్లుండి బస్సు మీదుగా, రెండుసార్లు దువ్వుకున్న తల దాకా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా గదిలో పడింది. నిన్న మెల్లగానే అంది కానీ గొట్టంలో రాత్రంతా ఆరినందువల్లేమో, గంట కొట్టినట్టు పలికింది. అక్కగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

ప్రెస్సాయన గాలిబుడ్డిని బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఉండిపొమ్మని అడగొచ్చని నాకు తెలియదండీ," అన్నాడు. "మీరు చెప్పిన వాటిలో అది లేదు."

ఊదుడక్క గిరుక్కున తిరిగింది. "అన్నీ నేనే చెప్పాలా?"

"ఉండిపోండి!" అన్నాడు ప్రెస్సాయన. చెవులు పనిచేయనప్పుడు కూడా అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. కింది అంతస్తులో ఎవరో కిటికీ తెరిచి, "ఎవరు పోతున్నారండీ?" అని అడిగారు.

"ఎవరూ పోవడం లేదు, నువ్వు పడుకో నాయనా," అంది అక్కగారు పై నుంచి.

సోమవారం ఏడింటి బస్సులో ఊదుడక్క బదులు, దుకాణంలో రశీదులు రాసే అమ్మాయి ఎగురుకుంటూ వెళ్లింది, గాలొచ్చే గది తనకొచ్చినందుకు. డాక్టరమ్మ ఊదుడక్కని అరగంట తిట్టి, ఆ తర్వాత గంటసేపు, "నేను చెప్పానా లేదా?" అంటూ తిరిగింది. అక్కగారైతే మెట్ల మీద ఎదురైన వాళ్లందరికీ తను బ్యాటరీల సీళ్లు పీకబట్టే తమ్ముడు ఒకింటివాడు అవుతున్నాడని చెప్పుకుంటోంది.

బుధవారం సాయంత్రం ప్రెస్సాయన ఎప్పటిలాగే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఊదుడక్క ఆ రోజు ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. అతను మాట్లాడాడు. ఏడాది నుంచి దాచుకున్నదంతా మాట్లాడాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి అక్కగారు పొయ్యి కట్టేసి చెవులు రిక్కించుకుని నిలబడింది. ప్రెస్సాయన కుడిది ఊదాడు, ఏమీ పడలేదు. నీలం చుక్కది ఊదాడు. గొట్టంలోంచి మాటేమీ పడలేదు, నవ్వు పడింది. ఊదుడక్క నవ్వు, ఆగి ఆగి, గదంతా నిండేలా.

అతను అలవాటుగా నోటుపుస్తకం తెరిచి, తారీకు వేసి, కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"దీన్నెలా రాస్తావురా ఇప్పుడు?" అంది అక్కగారు.